బల్ల కింద చిమ్నీ

1961 నవంబరు. మంగళవారం ఉదయం ఆరూ ఇరవైకి మీరా మొహిద్దీన్ కోట బజారులో తన లాంతర్ల కొట్టు తెరిచి, వాకిలి ఊడ్చాడు. నిన్నటి నీడలు రెండు ఇంకా గడప ముందే ఉన్నాయి. చీపురు తగలకుండా వాటి చుట్టూ ఊడ్చాడు.

అడిగిన సరుకు దొరక్క వెనుదిరిగిన మనిషి నీడ ఆ కొట్టు ముందే ఉండిపోయేది. ఎండయినా మబ్బయినా అంతే. ఆ మనిషికి ఆ సరుకు ఎక్కడైనా దొరికాక నీడ లేచిపోయేది. ఎంత అమ్మాడో ఖాళీ అరలు చెబుతాయి. ఎంత చేజారిందో చెప్పేవి నీడలే. వాటిని చూసుకునే ఏ సరుకు పంపాలో నెల్లూరుకు రాసేవాడు.

"నీ కొట్టు ముందర జనం జాస్తి, లోపల సరుకు నాస్తి" అని ఎదురుగా టీ కాచే చిన్నపోలయ్య ఎగతాళి చేసేవాడు.

కిందటేడు మూడు డజన్ల లాంతరు గాజు చిమ్నీలు తెప్పిస్తే వానలు మొహం చాటేశాయి. సగం ప్యాకింగు గడ్డిలోనే పగిలాయి. ఆ భయంతో ఈసారి ఒక్క డజనే తెప్పించాడు. ఆదివారం నుంచి తుఫాను గాలి. సోమవారానికి పదకొండు అమ్ముడుపోయాయి. వాగు పొంగి, సరుకు తెచ్చే నెల్లూరు బస్సు ఆగిపోయింది; శుక్రవారం దాకా రాదన్నారు.

పన్నెండోది బల్ల కింద ఉంది. అది అమ్మేది కాదు. కొత్త సరుకు వచ్చేదాకా పాతది ఒక్కటైనా మిగలాలి, లేకపోతే కొట్టు మళ్ళీ నిండదు. తండ్రి నేర్పిన పద్ధతి అది.

తొమ్మిదింటికి వాకాడు దగ్గరి పల్లె నుంచి మంత్రసాని ఎలిశబెతు తడిసి ముద్దయి వచ్చింది. ఆమె చిమ్నీ పగిలిందట. అక్క కూతురు మగ్దలీనమ్మకు తెల్లవారుజామునే నొప్పులు మొదలయ్యాయి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. పల్లెలో ఉన్నవన్నీ బుడ్డి దీపాలు, ఈ గాలికి నిలవవు.

"ఒక్కటన్నా లేదా, అన్నా?"

"అయిపోయినాయమ్మా. శుక్రవారం రా."

ఆమె వెళ్ళింది. నీడ నిలబడింది.

వత్తుల కోసం వచ్చిన నిన్నటి నీడలు పదింటికల్లా వెళ్ళిపోయాయి. ఆ బేరాలు జయరామయ్య కొట్టుకు పోయాయన్నమాట. ఎలిశబెతు నీడ మాత్రం కదల్లేదు. పన్నెండయింది, ఒంటిగంటయింది. నీడ పోతే బెంగపడే మనిషి, ఇది ఇంకా పోలేదే అని మొదటిసారి భయపడ్డాడు.

అన్నం తెచ్చిన భార్య షాహిదాబీ ఆ నీడను చూసింది, తర్వాత బల్ల కిందికి చూసింది.

"కొట్టు నిండకపోతే కూలికి పోదాం. ఆ యమ్మకేం చెప్తారు?"

అతను చిమ్నీని గడ్డిలో పెట్టి, తువ్వాలు చుట్టి, చొక్కా లోపల దాచుకున్నాడు. ఆ గాలిలో వాకాడు వైపు సైకిలు తొక్కగలిగినంత దూరం తొక్కాడు, మిగతాది నడిపించుకుంటూ పోయాడు.

మర్నాడు తిరిగొచ్చేసరికి కొట్టు ముందు నేల ఖాళీగా ఉంది. నీడ నిన్న సాయంత్రం అయిదూ నలభైకి లేచిపోయిందని చిన్నపోలయ్య చెప్పాడు. మగ్దలీనమ్మకు మగబిడ్డ పుట్టాడని, మెడకు రెండు చుట్లు పడిన బొడ్డుపేగును ఎలిశబెతు ఆ వెలుతురులో చూసి తప్పించిందని మొహిద్దీన్ అతనికి చెప్పాడు.

శుక్రవారం బస్సు వచ్చింది, కొట్టు నిండింది.

ఆ మంగళవారం ఎలిశబెతు కోటలో నాలుగు కొట్లు తిరిగిందని, నాలుగింటిలోనూ బల్ల కింద ఒక్కో చిమ్నీ ఉండిందని ఆదివారం టీ బంకు దగ్గర తెలిసింది.