ఇరవైకి ఇరవై

ఈ రోజు కోసం ఆమె పద్నాలుగు నెలలు పళ్ల బిగువున నవ్వుతూ పనిచేసింది.

పరిశోధనశాలలో అయస్కాంత యంత్రం నడిపేది ఆమే. ఎనిమిది అంకెలా ఉండే కాయిల్‌ని తల పక్కన ఆనించి మీట నొక్కితే, దాని ప్రభావం పుర్రె దాటి మెదడుకి తగులుతుంది. అప్పుడు రెండు చెవుల్లో రెండు గొంతులు మోగుతున్నా, మనిషి కోరుకున్న గొంతు మీదే మనసు నిలుపుతాడని డైరెక్టర్ వాదన. పరీక్షలు చేసిన ఆమె అన్న మాత్రం, "నిలవడం లేదు సార్, ఇంకా ఎక్కువ చెదురుతోంది" అని ఉన్నదున్నట్టు రాశాడు. పద్నాలుగు నెలల కిందట డైరెక్టర్ అతని మీద దొంగ లెక్కల ముద్ర వేసి బయటికి గెంటాడు. ఆ ముద్ర చూశాక మరెవరూ అతన్ని గడప తొక్కనివ్వలేదు.

ఇవాళ నిపుణుల కమిటీ ముందు డైరెక్టరే కుర్చీలో కూర్చున్నాడు. కుడి చెవిలో మగ గొంతు, ఎడమ చెవిలో ఆడ గొంతు ఒకేసారి వేర్వేరు మాటలు చదువుతాయి. ఆడ గొంతు పలికిన ఇరవై మాటల్నే పట్టుకుని చెప్పాలి. యంత్రం పెట్టకముందు పదకొండు చెప్పాడు.

"ఇప్పుడు చూడండి తమాషా!" అన్నాడు కమిటీతో.

"సార్, ముందు బొటనవేలు కదిలేంత మోతాదు చూసుకోవాలి కదా?" అంది ఆమె వినయంగా.

"ఆ తతంగమంతా ఎందుకమ్మా? పెద్దవాళ్లు ఎదురుచూస్తున్నారు, కానియ్."

ఆ మాటే అంటాడని ఆమెకి తెలుసు. బీరువాలోంచి ఉత్తుత్తి కాయిల్ తీసింది. పరీక్షల్లో పోలిక కోసం సగంమందికి పెట్టేది అదే. అసలుదానిలాగే టక్ టక్‌మంటుంది, లోపలికి మాత్రం ఏమీ పంపదు, బొటనవేలూ కదలదు. ఒక్క పూట ఆ కుర్చీలో కూర్చున్నవాడైనా తేడా కనిపెడతాడు; అసలుదైతే నెత్తిమీద చర్మం చురుక్కుమంటుంది. డైరెక్టర్ ఇవాళ్టిదాకా అందులో కూర్చున్న పాపాన పోలేదు.

పది నిమిషాలు టక్ టక్. తర్వాత డైరెక్టరే ముందుగా ఎంచి ఇచ్చిన రెండో మాటల జాబితా వేసింది. ఇరవైకి ఇరవై! చప్పట్లు మోగాయి.

ఆమె కాయిల్ తిప్పి, వెనకున్న చీటీని కమిటీ అధ్యక్షురాలికి చూపించింది. "ఇది ఉత్తుత్తిది మేడమ్."

"పొరపాటున మారిపోయింది!" డైరెక్టర్ గొంతు లేచింది. "ఈ పిల్ల పరాకు!"

"పరాకే అనుకుందాం సార్. మరి ఉత్తుత్తిదానితో ఇరవై ఎలా వచ్చాయి?"

అధ్యక్షురాలు డైరెక్టర్‌కి ముందే తెలిసిన జాబితాని పక్కకి నెట్టింది.

"వేరే జాబితా ఉందా అమ్మా?" అడిగింది అధ్యక్షురాలు.

"మా అన్న చేసినవి ఆరున్నాయి మేడమ్. సార్ ఒక్కటీ తెరిచి చూడలేదు."

ఈసారి అసలు కాయిల్. తల కదలకుండా పట్టీ బిగించి, మోతాదు కొలిచి, వెంట్రుకవాసి తేడా లేకుండా ఆనించింది. ఆ పని నేర్పింది అన్నే.

ఎనిమిదే వచ్చాయి. అడగని మగ గొంతు మాటలు మరో నాలుగు దొర్లాయి.

"మీ అన్నని రేపే పిలిపిస్తానమ్మా, ఇక వదిలెయ్," గొణిగాడు డైరెక్టర్.

"ఉద్యోగం అడిగానా సార్? మా అన్న లెక్కలు తప్పా, ఒప్పా?"

"ఒప్పే."

"నాకు కాదు. అదిగో, వాళ్లకి చెప్పండి."

"ఒప్పేనమ్మా!"

"వెనక వరసకి అందలేదు సార్."

డైరెక్టర్ మూడోసారి అరిచి చెప్పేదాకా, ఆ తలకి బిగించిన పట్టీ ఆమె విప్పలేదు.