గుప్పిట్లో తాళాలు

ఆ మిషన్ మా బడికి వచ్చిన రోజు దానికి కొబ్బరికాయ కొట్టారు. ఎర్ర పెట్టె, మూత మీద తెల్లటి గుండె బొమ్మ. ఆగిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చి మళ్ళీ కొట్టుకునేలా చేస్తుందట. మా బడిలోనే చదువుకున్న ఒకాయన కొనిచ్చాడు. హెడ్మాస్టర్ బ్రహ్మం సారు దానికి మూడు చోట్ల కుంకుమ పెట్టి, చామంతి దండ వేసి, పిల్లలు పాడుచేస్తారని ఆఫీసు రూములో ఇనుప బీరువాలో పెట్టించారు. తాళం వేసింది అటెండర్ నాగేశ్వర్లు మామ. బడి తాళాలన్నీ ఆయన నడుముకు వేలాడే గుత్తిలోనే ఉంటాయి. ఆయన నడిచొస్తుంటే ముందు ఆ చప్పుడు వస్తుంది.

దాన్ని వాడడం నేర్పడానికి మార్కాపురం నుంచి అఫ్సానా మేడం వచ్చింది. ఆమె స్టాఫ్ నర్సు. మనిషి ఛాతీలాంటి రబ్బరు బొమ్మను బల్ల మీద కాకుండా నేల మీదే పెట్టింది.

"పడిపోయిన మనిషి పిలిస్తే పలక్కపోతే ఊపిరి చూడండి. నీళ్ళలోంచి తీసిన చేప నోరు తెరుస్తది చూడు, అట్ల ఎప్పుడో ఒకసారి ఎగబీలిస్తే అది ఊపిరి కాదు. నొక్కడం మొదలుపెట్టాల. ఎవరన్నా ఫోన్ చేయండి అంటే ఎవరూ చేయరు. ఒక మనిషిని చూసి చెప్పాల."

నా వంతు వచ్చింది. ఛాతీ మధ్యలో చేతి మీద చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా నొక్కాను.

"చేతులు బాగున్నాయి. నోరేది?" అంది మేడం.

నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను.

"మేడం, సాహితి హాజరు పిలిచినా చెయ్యే ఎత్తుతది," అంది వెనక నుంచి మనోజ్ఞ. అందరూ నవ్వారు.

మేడం నవ్వలేదు. "నువ్వు మనసులో లెక్కపెట్టుకుంటే, చేతులు ఎప్పుడు మార్చాల్నో పక్కనోళ్ళకు ఎట్ల తెలుస్తదమ్మా? ముప్పై దాకా బయటికి చెప్పు."

పన్నెండు దగ్గర నా గొంతు ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టినా అక్కడే ఆగింది. ముప్పై మందిలో ఇరవై తొమ్మిది మందికి సర్టిఫికెట్లు ఇచ్చారు. ఇంటికొచ్చి మేడం చెప్పినదంతా డైరీలో రాసుకున్నాను. రాయడానికి గొంతు అక్కర్లేదు.

మూడు వారాల తర్వాత ఒక శుక్రవారం, నాగేశ్వర్లు మామ అన్నం గంట కొట్టి కుళాయి వైపు నడిచాడు. సగం దూరంలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు పక్కకు ఒరిగిపోయాడు.

వంటచేసే మగ్దలీనమ్మ పెద్దమ్మ గరిటె వదిలేసి పరుగెత్తింది. "ఫిట్స్ వచ్చినట్టుంది. చేతిలో ఇనుము పెట్టాల," అంటూ ఆయన నడుము నుంచే తాళాల గుత్తి లాగి, ఆయన గుప్పిట్లో పెట్టి, వేళ్ళు మూసి తన రెండు చేతులతో పట్టుకుంది. బ్రహ్మం సారు చెంబుడు నీళ్ళు ముఖం మీద పోశారు. చొక్కా కూడా తడిసిపోయింది. అప్పుడు మామ నోరు ఒకసారి తెరుచుకుంది. గురకలాంటి శబ్దం వచ్చింది.

"ఊపిరి ఆడుతుంది. జరగండి, గాలి రానీయండి," అన్నారు సారు.

అందరూ తేలికపడ్డారు. నేను మామ నోటినే చూస్తూ లోపల లెక్కపెట్టాను. ఎనిమిది దాకా ఏమీ లేదు. మళ్ళీ ఒకసారి తెరుచుకుంది.

"అది ఊపిరి కాదు," అన్నాను. నాకే వినపడలేదు.

"సార్, అది ఊపిరి కాదు."

ఈసారి అందరూ నా వైపు తిరిగారు. "ఏంది సాహితీ?" అన్నారు సారు. చెప్పే టైం లేదు. మామ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని భుజాలు తట్టి పిలిచాను. పలకలేదు. నొక్కడం మొదలుపెట్టాను.

"సార్, మీరు 108కి చేయండి. మనోజ్ఞా, మిషన్ తే."

మనోజ్ఞ రెండడుగులు పోయి ఆగింది. "బీరువాకు తాళం ఉందే. తాళాలు..."

అందరం మామ గుప్పిటనే చూశాం.

"తియ్యొద్దు పాపా," అంది పెద్దమ్మ. "తీస్తే ఎక్కువైతది. మా తమ్మునికి వచ్చినప్పుడు నేనే చూసుకునేదాన్ని, నాకు తెలుసు."

"పెద్దమ్మా, ఇది ఫిట్స్ కాదు. గుండె ఆగిపోయింది. ఆ తాళాలు మనోజ్ఞకియ్యి. పద్దెనిమిది, పందొమ్మిది..."

ఆమె నా చేతుల వైపు చూసింది. తర్వాత మామ వేళ్ళు ఒక్కొక్కటే తెరిచింది. మనోజ్ఞ గుత్తి తీసుకుని పరుగెత్తింది. పన్నెండు ఎప్పుడు దాటానో నాకు తెలియలేదు. ముప్పై అయ్యాక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.

పెట్టె ఎండిపోయిన దండతోనే వచ్చింది. పెద్దమ్మ మామ చొక్కా గుండీలు తీసి, తన కొంగుతో ఛాతీ తుడిచింది. మిషన్ తీగలకున్న జిగురు పట్టీల్లో ఒకటి కుడి భుజం కింద, రెండోది ఎడమ చంక కింద మనోజ్ఞ అతికించింది. మిషన్ ఇంగ్లీషులో మాట్లాడింది. నేను తెలుగులో అరిచాను.

"ఎవ్వరూ ముట్టుకోవద్దు. సార్, కాలు ఇడవండి."

ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో మామ పాదం పట్టుకుని ఉన్న సారు ఉలిక్కిపడి వదిలేశారు. బటన్ నొక్కాను. మామ ఒళ్ళు ఒక్కసారి ఎగిరిపడింది. వెంటనే మళ్ళీ చేతులు పెట్టాను. అలసిపోయాక మనోజ్ఞ అందుకుంది. లెక్క మాత్రం నేనే చెప్పాను.

కాసేపటికి మామ చెయ్యి లేచి మనోజ్ఞ చేతిని నెట్టింది. మూలిగాడు. ఛాతీ దానంతటదే పైకి లేచి దిగింది, మళ్ళీ లేచింది. ఇది చేప కాదు. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బేస్తవారిపేట నుంచి 108 వచ్చేసరికి మామ కళ్ళు తెరిచి, "నా తాళాలేవి?" అని అడుగుతున్నాడు.

ఆ మధ్యాహ్నం ఎవరికీ పాఠాలు చెప్పలేదు. చల్లారిన అన్నం అందరం తిన్నాం. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను.

నెల తర్వాత మామ బడికి వచ్చాడు. ఆయనకు స్టెంట్ వేశారు. ఇప్పుడు మిషన్ వరండా గోడకు, చెయ్యి అందే ఎత్తులో ఉంది. దానికి తాళం లేదు. కుంకుమ మాత్రం ఉంది.

"పక్కటెముకలు రెండు చిట్లినాయంట. నొక్కింది నువ్వా, లేక మనోజ్ఞా?" అన్నాడు మామ.

"ఇద్దరం," అన్నాను మెల్లగా.

"ఆ రోజు సారునే కసిరినావంట. ఇప్పుడేంది, గొంతు మళ్ళీ లోపలికి పోయింది?"

"ఇద్దరం మామా," అన్నాను గట్టిగా.

అన్నం వేళయింది. చెయ్యి పైకెత్తొద్దని డాక్టర్ చెప్పాడంటూ గంట కొట్టే ఇనుప కడ్డీ నా చేతికిచ్చాడు.

"ఎన్ని కొట్టాల మామా?"

"నన్నడుగుతావేంది? లెక్కపెట్టేది నువ్వే కదా."