చిట్టిరెక్క

ఎండాకాలం మొదలయ్యిందంటే వెర్నా చేతుల్ని చేప వాసన వదలదు. నది ఒడ్డున చేపపిల్లల్ని పెంచే హేచరీ పక్కన ఆపిన ట్రైలర్ బండిలో పొద్దున్నుంచీ నిలబడి, మత్తు నీళ్ళలో సోలిపోయిన సాల్మన్ పిల్లల్ని ఒక్కొక్కటీ తీసి, తోకకు కాస్త ముందు వీపు మీదుండే చిట్టిరెక్కను వంకర కత్తెరతో కత్తిరించి, తొట్టిలోకి వదలడం ఆమె పని. అవి సముద్రానికి పోయి, పెద్దవై తిరిగొచ్చినప్పుడు జాలర్లు వీపు తడిమి చూస్తారు. రెక్క లేకపోతే మనం పెంచింది, పెట్టెలో వేసుకోవచ్చు. రెక్క ఉంటే నది కన్నది, వదిలెయ్యాలి.

ఆ నది ఒడ్డు కుటుంబాల మనుషులకూ నడుముకు కాస్త పైన అలాంటి రెక్కే ఉంటుంది, బొటనవేలి గోరంత. ఎవరి పడవైనా బోల్తా పడితే, నీళ్ళ అడుగు నుంచి ఒక చెయ్యి వచ్చి వీపు నిమురుతుంది. రెక్క తగలగానే వదిలేస్తుంది. ఆ కుటుంబాల్లో మునిగి చచ్చినవాళ్ళు లేరు.

ఆ ఏడు వెర్నా కూతురు ఆర్లిస్‌కి సియాటిల్‌లో ఆసుపత్రి పని దొరికింది. తనతో గదిలో ఉండే ఆడపిల్లలు తన వీపు చూసి నవ్వుతున్నారని, ఇంటికొచ్చినప్పుడు ఆ రెక్కను తీసెయ్యమని తల్లిని అడిగింది. వెర్నాకు లోలోపల ఒక ఆశ పుట్టింది. కత్తిరించి పంపినవే కదా, ఎంత దూరం పోయినా మళ్ళీ మన తొట్టి వెతుక్కుంటూ వచ్చేది. పనివాళ్ళందరూ వెళ్ళాక కూతుర్ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, ఆ మత్తు నీళ్ళే దూదితో అద్ది, కత్తెర నొక్కింది. రక్తం కూడా రాలేదు.

సెప్టెంబరులో ఆర్లిస్ సెలవు పెట్టుకుని నిజంగానే వచ్చింది. వెర్నా మురిసిపోయింది. ఆ ఏడాది మొదటి సాల్మన్‌ని ఆనవాయితీగా ఊరంతా తలా ముక్క తిని, ముల్లును నదికి అప్పజెప్పారు. మర్నాడు వెర్నా అన్న లీలండ్ మేనకోడల్ని వల లాగడానికి తీసుకుపోయాడు. ఆమె ఏ వైపు కూర్చుంటే ఆ వైపు నీళ్ళు పడవ అంచుదాకా లేచి నిలబడుతున్నాయి. పట్నం తిండికి బరువెక్కావే అని వేళాకోళం చేసి, లీలండ్ ఆమెను మధ్యకు జరగమన్నాడు. వల విప్పడానికి వంగినప్పుడు ఆమె నీళ్ళలో పడింది.

జుట్టు దొరకబుచ్చుకుని పైకి లాగేసరికి అతని చేతులు చచ్చుబడ్డాయి. వెర్నా ఒడ్డునే చేపలు శుభ్రం చేస్తోంది. కత్తి పడేసి పరుగెత్తింది. ఇద్దరూ కలిసి పిల్లను మంట దగ్గర కూర్చోబెట్టారు.

"ఎవరో వీపు నిమిరారు మావయ్యా."

"అందరికీ నిమురుతుందే. నాకూ నిమిరింది, మీ అమ్మకూ నిమిరింది. తర్వాత వదిలేస్తుంది."

"వదల్లేదు," అంది ఆర్లిస్. "పట్టుకుంది."

లీలండ్ ఆమె చొక్కా వెనక ఎత్తి చూసి, చెల్లెలి వైపు తిరిగాడు.

"తిరిగొస్తుందని కోశానన్నయ్యా," అంది వెర్నా తల దించుకుని.

"వచ్చింది గదా. వచ్చినవాటిని మనం ఏం చేస్తాం?"

లీలండ్ చేపల పెట్టె మూత వేసి, దాని మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి నది వెర్నా ఇంటి మెట్ల దాకా వచ్చింది. వాన లేదు. పక్కింటివాళ్ళు ఏమీ అడక్కుండా ఆర్లిస్ సామాను మోసి కారులో పెట్టారు. లీలండ్ మేనకోడల్ని సముద్రం పక్కనున్న సియాటిల్‌కి కాక కొండల అవతలికి, ఏరన్నది లేని గోధుమ పొలాల ఊరికి చేర్చి వచ్చాడు. ఇక ఆమె ఇంటి ముఖం చూడకూడదని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

చలికాలంలో వెర్నా పొగబెట్టిన చేప మూట కట్టుకుని కూతుర్ని చూడ్డానికి పోయింది. ఆర్లిస్ గోధుమ గిడ్డంగిలో పనికి కుదిరింది, కాస్త ఒళ్ళు చేసింది. ఇక్కడ అంతా పొడినేలే, భయం లేదమ్మా అని నవ్వింది. తల్లికి దాహమేస్తుందని గ్లాసు నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుంది.

గ్లాసు నిటారుగానే ఉంది. నీళ్ళు మాత్రం ఆర్లిస్ వైపు ఏటవాలుగా నిలబడ్డాయి. ఆమె లేచి పక్క కుర్చీలోకి మారింది. నీళ్ళూ మారాయి.

వెర్నా ఆ గ్లాసు అందుకుని చుక్క మిగల్చకుండా తాగేసింది. కడుపులోకి దిగిన చల్లదనం కాసేపు కదలకుండా ఉంది. తర్వాత మెల్లగా కూతురున్న వైపుకి తిరిగింది.