ఆవిడెవరో నాకు తెలీదు

చిట్టి నర్సు. ఇంట్లో అందరికన్నా చిన్నది కాబట్టి, ముప్పైకి దగ్గరపడినా ఆ ముద్దుపేరు వదల్లేదు. పరాయిదేశంలో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చి, మొదటిసారి విమానం ఎక్కింది. పక్క సీట్లో ఒక పెద్దావిడ. కూతురి దగ్గరికి ఒంటరిగా వెళ్తోంది. బెల్టు పెట్టుకోవడం దగ్గర మొదలైన పరిచయం, భోజనాలయ్యేసరికి చుట్టరికం దాకా పోయింది.

"నర్సువా? బతికించావు! ఏ మాత్ర ఎప్పుడో నాకంతా అయోమయం," అంటూ మామ్మగారు చేతిసంచీలోంచి గుడ్డమూట తీసింది. అట్టలన్నీ ముక్కలు ముక్కలుగా కత్తిరించి కలిపేసి ఉన్నాయి. షుగరువి, బీపీవి, మోకాళ్ల నొప్పులవి చిట్టి ఓపిగ్గా విడదీసి, వేళకి తనే వేసింది.

"మా అమ్మాయి నంబరు ఎక్కించుకో. దిగాక కూడా మాట్లాడుతూండు. ఊరుగాని ఊళ్లో నాకూ ఒక మనిషి ఉన్నట్టుంటుంది," అని ఆవిడ చిట్టి భుజం మీదే తలవాల్చి నిద్రపోయింది.

దిగాక, సామాన్లు తనిఖీ చేసే బల్ల దగ్గర అధికారి ఆ మూట విప్పాడు. అతను అడిగింది మామ్మగారికి ముక్క అర్థం కాలేదు. వెనక్కి తిరిగింది.

"అమ్మాయ్, నువ్వు చెప్పవే వీళ్లకి."

అధికారి చిట్టి వంక చూశాడు. "ఈవిడ మీతో వచ్చారా? ఈ మందులేంటో మీకు తెలుసా?"

రెండు మాటల్లో తేలిపోయే పని. కానీ ఉద్యోగం ఇప్పించిన ఏజెంటు మాట చెవిలో గింగురుమంది. "పరాయివాళ్ల సామాను జోలికి వెళ్లావా, అక్కణ్ణుంచి అటే వెనక్కి పంపేస్తారు."

చిట్టి తల అడ్డంగా ఊపింది. "ఆవిడెవరో నాకు తెలీదు," అని పైకి కూడా అనేసింది. తన పెట్టెలు తోసుకుంటూ గబగబా బయటికి నడిచింది. వెనకనుంచి "అమ్మాయ్... అమ్మాయ్..." అని వినిపిస్తూనే ఉంది.

ఆసుపత్రి వ్యాను నగరం మధ్యనుంచి వెళ్లింది. వంతెనల మీద వంతెనలు, ఆకాశాన్ని మూసేసే అద్దాల మేడలు, కూడలి దాటుతున్న తిరునాళ్లంత జనం. ఎన్నాళ్లనుంచో ఊహించుకున్న ఊరు. ఒక్కటీ కంటికి ఆనలేదు. పెద్ద నర్సు వార్డులన్నీ తిప్పి చూపించి, "అలసిపోయావు, ఇవాళ్టికి పడుకో," అని హాస్టలుకి పంపేసింది.

గదిలో ఉండే అక్కది మన భాషే. "అంత దూరం ఒక్కదానివే వచ్చావా? గట్టిదానివే!" అంది. ఆ మెచ్చుకోలు ముల్లులా గుచ్చుకుంది. కళ్లు మండుతున్నా నిద్ర పట్టలేదు. ఫోను పనిచెయ్యడం లేదు కదా, నేనేం చెయ్యను అని తనకి తనే నచ్చజెప్పుకుంది. సాయంత్రం అక్క వైఫై పెట్టిచ్చాక ఆ సాకూ పోయింది.

విమానంలో ఎక్కించుకున్న నంబరుకి చేసింది. మామ్మగారి కూతురు ఎత్తింది.

"విమానంలో మీ అమ్మగారి పక్కన కూర్చున్న..."

"నర్సమ్మా! మీ కోసమే చూస్తున్నానండీ. అమ్మని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టేశారు. ఎవరో భాష తెలిసినాయన దొరికాకగానీ వదల్లేదు. ఆకలికి కళ్లు తిరిగి పడబోయిందట. మందులన్నీ వాళ్లే ఉంచేసుకున్నారు. అమ్మకి పేర్లు తెలీవు, మీకేమన్నా గుర్తున్నాయా?"

పొద్దున పెగలని నోరు ఇప్పుడు గడగడా చెప్పింది. పేరు, మోతాదు, ఏది తిండికి ముందు, ఏది తర్వాత.

"మీ మేలు మర్చిపోలేమండీ."

చిట్టికి తల కొట్టేసినట్టయింది. "ఒక్కసారి మామ్మగారికి ఇస్తారా?"

"చేరావా అమ్మాయ్? ఏమన్నా తిన్నావా?" గొంతు నీరసంగా ఉంది.

"మామ్మగారూ, వాళ్లు నన్నడిగారు. మీరెవరో తెలీదన్నాను."

"తెలుసు. తల అడ్డంగా ఊపితే అర్థమవడానికి భాష రావాలా?"

చిట్టి ఫోను చెవికి ఇంకా దగ్గరగా అదుముకుంది.

"ఉద్యోగం ఎక్కడ పోతుందోనని భయపడి ఉంటావు. కాదనను. కానీ ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తావనుకున్నానే."

ఏడుపు ఆపుకుంటూ చిట్టి అడిగింది, "మీ అమ్మాయిగారికి చెప్పలేదా?"

"దానికసలే ముక్కు మీద కోపం. నేనెందుకు చెప్పడం? చెప్పుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం."

"ఆవిడకివ్వండి."

చిట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది. "మందుల పేర్లు చెప్పారు, అది చాలండీ," అని కూతురు ఫోను పెట్టేసింది.

మర్నాడు డ్యూటీకి వెళ్లేముందు చిట్టి మెసేజి పెట్టింది. "మామ్మగారికి ఎలా ఉంది?"

వార్డు మెట్లెక్కుతుంటే జవాబొచ్చింది. "పర్వాలేదు."

అంతే. చూడ్డానికి రావచ్చా అని అడగాలనుంది గానీ, ముఖం చెల్లలేదు. ఫోను జేబులో పెట్టుకుని లోపలికి నడిచింది.