బడి బీబమ్మ ఓటు

జుబేదాబీ వంకలోకి దిగేసరికి హనుమక్క ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో తవ్వుతోంది.

"చెలమ కూలింది బీబమ్మా! నా బిడ్డ లోపలుండాది!"

అది 1959 ఎండాకాలం. ముదిగుబ్బకు దగ్గరి గుండ్లవంకపల్లెలో బావులన్నీ అడుగంటాయి. వంక ఇసుకలో గుంత తోడి, ఊరిన నీళ్ళను చిప్పతో ఎత్తుకోవాలి. ఆ గుంతనే చెలమ అంటారు. నీళ్ళు కిందికి పోయేకొద్దీ చెలమ లోతై, ఇరుకై, పెద్దవాళ్ళు పట్టక పిల్లల్ని దించుతున్నారు.

జుబేదాబీ ఆ ఊరి బడికి బ్లాకు ఆఫీసు వాళ్ళు ఇచ్చిన సంఘసేవిక. బడికి రాని పిల్లల ఇళ్ళకు పోయి, ఎందుకు రావడం లేదో కనుక్కుని, తల్లిదండ్రులకు నచ్చచెప్పి తీసుకురావడం ఆమె పని. మధ్యాహ్నం పాలపొడి కలిపి పిల్లలకు పోస్తుంది. మొగుడు పోయాక, చదివిన ఎనిమిదో తరగతి ఆధారంగా ఈ ఉద్యోగం తెచ్చుకుంది. ఊళ్ళో అందరూ బడి బీబమ్మ అంటారు. హనుమక్క కూతురు చిన్నక్క చాలా రోజులుగా బడికి రాకపోతే, వెతుక్కుంటూ వంకకు వచ్చింది.

ఇద్దరూ కలిసి తవ్వారు. తోడిన ఇసుక తోడినట్టే జారి మళ్ళీ నిండుతోంది. చివరికి జుబేదాబీ చేతికి వెంట్రుకలు తగిలాయి. చంకల కింద చేతులేసి బిడ్డను పైకి లాగారు. నోరంతా ఇసుక. జుబేదాబీ వేలు పెట్టి ఇసుక తీసి, బోర్లా తిప్పి వీపు మీద చరిచింది. చిన్నక్క దగ్గింది. ఆ తరవాత ఏడ్చింది. కుడికాలు మోకాలి కింద విరిగి వేలాడుతోంది.

హనుమక్క బిడ్డను ఒళ్ళో వేసుకుని, కళ్ళు తుడుచుకోకుండానే జుబేదాబీ వైపు తిరిగింది.

"దినామూ వచ్చి బిడ్డను బడికి పంపు, బడికి పంపు అంటావు గదా. పంపితే నీళ్ళెవరు తెస్తారు? నేను కూలికి పోవాల. మా ఆయప్ప రాళ్ళు కొట్టను పోవాల. చెప్పు బీబమ్మా, ఎవరు తెస్తారు?"

జుబేదాబీ కొంగు అంచు చించి బిడ్డ కాలికి కట్టింది.

మరుసటి రోజే ముదిగుబ్బకు పోయి బ్లాకు ఆఫీసరును కలిసింది.

"మీ ఊరికి బావి మంజూరై ఏడాదైందమ్మా. యాడ తవ్వాలనేది పంచాయతీ చెప్పాల. మీ ప్రెసిడెంటు ఓబుళేసు తన తోట పక్కన తవ్వమని తీర్మానం పంపినాడు. వానలు పడినాక మొదలుపెడతాం" అన్నాడాయన.

"ఆయప్ప తోటలో మాదిగవాడోళ్ళను కడవ ముంచనిస్తారా సార్?"

"వచ్చే నెల పంచాయతీ ఎలక్షన్లు. కొత్త మెంబర్లు తీర్మానం మారిస్తే మారుతుంది. మా చేతిలో ఏమీ లేదు."

ఆమె లేచి గడప దాకా పోయి ఆగింది. "నేను ఉద్యోగస్తురాలిని గదా సార్. ఓటెయ్యచ్చునా?"

"ఒకరి పక్క నిలబడి ప్రచారం చెయ్యగూడదు. నీ ఓటు నీది. దాన్నెవరు కాదంటారు?"

బడి వీధి, సాయిబుల వీధి, మాదిగవాడ కలిపి ఒక వార్డు. మిగతా వార్డుల్లో చెరిసగం చీలి ఉన్నారు కాబట్టి ఈ ఒక్క మెంబరు ఎటుంటే పంచాయతీ అటు. ఓబుళేసు తన బావమరిది లింగన్నను నిలబెట్టాడు. పోటీకి హనుమక్క మొగుడు సుంకన్న నిలబడ్డాడు. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో ఓటంటే చీటీ కాదు. అందరి ముందూ చెయ్యెత్తాలి.

"ఆ రొంపి మనకెందుకమ్మా?" అన్నాడు హెడ్మాస్టరు. "బడి వాళ్ళం బడి చూసుకుందాం. పోయిన ఎలక్షన్లో నేను ఓటే వెయ్యలేదు. ఏ గొడవా రాలేదు."

"గొడవ మనకు రాలేదు సార్. చిన్నక్కకొచ్చింది."

ఆయన సుద్దముక్క తీసుకుని లోపలికి పోయాడు.

జుబేదాబీ ఎప్పటిలాగే ఇళ్ళకు తిరిగింది. ఆడవాళ్ళు కొందరు మాకూ ఓటుందా అని అడిగారు. "ఉండాది. ఎవరికెయ్యాలో నేను చెప్పను, చెప్పగూడదు. ఇంట్లో కూచోవద్దని మాత్రం చెప్తా" అంది. చెయ్యెత్తితే మరునాడు కూలికి పిలవరు గదా అని హనుమక్క అడిగినప్పుడు, "భయం నాకూ ఉండాది" అని ఒప్పుకుంది.

ఎన్నికలు దగ్గర పడ్డాక ఓబుళేసే బడికి వచ్చాడు. జుబేదాబీ పిల్లల గ్లాసుల్లో పాలు పోస్తోంది. ఆయన్ను చూసి పిల్లలు మాటలు ఆపేశారు.

"ఏం బీబీ, బ్లాకాఫీసుకు పోయొచ్చినావంట."

"పోయొచ్చినా అన్నా."

"మా లింగన్నకు ఎత్తమని నేను అడగడంలా. చేతులెత్తే దినం నువ్వు ఇంటి పట్టున ఉండు. అంతే."

"బడికి రాని పిల్లల సంగతి చూడమని నాకు జీతమిస్తాండారు. నీళ్ళ కోసమని పిల్లలు రాకుంటే, ఆ నీళ్ళ సంగతి నాకు పట్టదని ఎట్లంటానన్నా?"

ఓబుళేసు నవ్వాడు. "కణేకల్ దిక్కు సేవికలు చాలడం లేదంట. పిలిపిస్తే పోవాల్సొస్తుంది. దూరమే గానీ, కాలవ నీళ్ళుంటాయిలే."

ఆయన పోయాక చూసుకుంటే గ్లాసు నిండి పాలు ఆమె పాదాల మీద కారుతున్నాయి.

ఆ సాయంత్రం మాబు సాబ్ గడపలో నిలబడ్డాడు. జుబేదాబీ ఉండేది ఆయన ఇంట్లోని పక్కగదిలో. ఆయన ఓబుళేసు బండి తోలుతాడు.

"జుబేదా, నా కూడు ఆయప్ప కాడుండాది. నువ్వు చెయ్యెత్తితే నన్ను పట్టుకుంటాడు."

"మీరెవరికెత్తుతారో నేనడగను మామా. నన్నూ అడగొద్దు."

ఎన్నికల రోజు బడి ముందర జనం కిక్కిరిశారు. మొగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక. పక్క ఊరి నుంచి వచ్చిన ఎలక్షన్ ఆఫీసరు కుర్చీ వేయించుకున్నాడు. ఓబుళేసు మనుషులు రెండు పక్కలా నిలబడి ఒక్కొక్క మొహాన్నీ చూస్తున్నారు.

"లింగన్నకు ఎత్తండి."

చేతులు లేచాయి. మాదిగవాడలో కూడా కొందరు తలలు వంచుకునే ఎత్తారు. ఆఫీసరు వరసల మధ్య నడుస్తూ లెక్కపెట్టాడు.

"సుంకన్నకు."

సుంకన్న తన చెయ్యి తాను ఎత్తుకున్నాడు. ఇంకెవరూ కదల్లేదు. హనుమక్క చంకలో కట్టు కట్టిన కాలితో చిన్నక్క ఉంది. హనుమక్క నేలచూపులు చూస్తోంది. ఓబుళేసు మీసం దువ్వుకోలేదు, కేక వెయ్యలేదు. ఊరికే చూస్తున్నాడు. ఆ చూపు జుబేదాబీ మీద ఆగింది.

ఇల్లు పోతుంది, ఉద్యోగం పోయినా పోతుంది. వంకలో తన చేతికి తగిలిన వెంట్రుకలు గుర్తొచ్చాయి. చెయ్యెత్తింది. తలమీది కొంగు జారితే ఎడమచేత్తో పట్టుకుంది గానీ కుడిచెయ్యి దించలేదు.

"సర్కారు జీతగాళ్ళకు ఓటు లేదు. దించు బీబీ!" అని ఎవరో అరిచారు.

ఆఫీసరు కాగితాలు తిరగేశాడు. "పేరుండాది. దించాల్సిన పని లేదమ్మా" అన్నాడు.

హనుమక్క బిడ్డను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని చెయ్యెత్తింది. ఆమె పక్కన ఇంకొకామె ఎత్తింది. ఆడవాళ్ళ వరస సగానికి పైగా లేచాక, ముందున్న మొగవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అప్పుడు వాళ్ళ చేతులూ లేచాయి. మాబు సాబ్ గోడకానుకుని, రెండు సార్లూ చేతులు కట్టుకునే ఉన్నాడు.

లెక్కలో సుంకన్నకు రెండు చేతులు ఎక్కువ వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టమని ఓబుళేసు పట్టుబట్టాడు. రెండోసారి ఒక్క చెయ్యీ దిగలేదు. పైగా వరండాలో నిలబడిన హెడ్మాస్టరు చెయ్యి భుజం దాకా లేచి ఆగింది.

"ఎత్తినట్టా, లేనట్టా సార్?" అన్నాడు ఆఫీసరు.

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "ఎత్తినట్టే."

జనంలో ఎవరో నవ్వారు. ఓబుళేసు కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

తెల్లారి మాబు సాబ్ జుబేదాబీ పెట్టె తెచ్చి అరుగు మీద పెట్టాడు. ఆమె మొహం చూడలేక పెట్టె వైపే చూస్తూ, "మన్నించు తల్లీ" అన్నాడు. కొన్నాళ్ళు ఆమె బడి గదిలోనే పడుకుంది. వాడలో చెయ్యెత్తినవాళ్ళను ఓబుళేసు చేలకు పిలవలేదు. శెనక్కాయ విత్తే పనికి వాళ్ళు పొద్దున్నే లేచి పక్క ఊరికి నడిచిపోయారు. హనుమక్క కాళ్ళు బొబ్బలెక్కాయి. "నీ మాట విని చెడితిమా, బాగుపడితిమా?" అని ఒకనాడు అడిగింది. ఇప్పుడే ఏం చెప్పగలను అంది జుబేదాబీ.

కొత్త పంచాయతీ మొదటి సమావేశంలో, బడికీ వాడకూ నడుమ బావి తవ్వాలనే తీర్మానం ఒకే ఒక్క ఓటుతో నెగ్గింది. ఆ బావికి మొదటి గడ్డపార పడకముందే ఆమెకు కణేకల్ బదిలీ కాగితం వచ్చింది.

కణేకల్‌లో ఉండగా, గొర్రెలు తోలుకొచ్చిన ముదిగుబ్బ మనిషి ఒకడు హనుమక్క మాట చెప్పి పోయాడు. బండ అడ్డం పడితే సుంకన్నే దగ్గరుండి మందు పెట్టి పగలగొట్టాడు. నీళ్ళు పడ్డాయి. చిన్నక్క కుంటుకుంటూనే బడికి పోతోంది, వాడలో ఇంకొందరు ఆడపిల్లలూ పోతున్నారు. ఓబుళేసు ఇప్పటికీ హనుమక్కను పనికి పిలవడంలేదు.

కణేకల్‌లో కాలవ ఉంది, నీళ్ళున్నాయి. అయినా నాట్లప్పుడు బడి సగం ఖాళీ. జుబేదాబీ ఇల్లిల్లూ తిరిగి, తల్లులు నాట్లేస్తుంటే చంటిబిడ్డల్ని ఎత్తుకుని గట్ల మీద కూర్చున్న ఆడపిల్లల్ని చూసింది. ఆ నెల పంచాయతీ సమావేశానికి ఎవరూ పిలవకుండానే పోయింది.

"బడామెకు ఈడ పనేముండాది?" అన్నాడో మెంబరు.

ఆమె చాప చివర కూర్చుని కొంగు సర్దుకుంది.

"పిల్లలు బడికి ఎందుకు రావడంలేదో ఇండ్లల్లో వినొచ్చినానన్నా. అది మీకు చెప్పాలని వచ్చినా."