వెన్నెల పొర

"గోరుతోని గీకు. గీత పడితే జిప్సం, పడకుంటే పక్కకెయ్."

రాతి ముక్కల పెట్టెను సుందరమ్మ ముందు దించి, సత్యానందం మడత కుర్చీలో కూలబడ్డాడు. అతడికి గోళ్లు లేక కాదు. ఆఫీసులో పెద్ద సాహెబుతో చేయి కలపాలి కదా, అవి శుభ్రంగా ఉండాలి.

సుందరమ్మ ఒళ్లో నెల దాటిన ఆడపిల్ల పాలు తాగుతోంది. రెండో ప్రపంచ యుద్ధం ఆగిన ఏడాది అది. సర్వే ఆఫీసు ఎక్కడో దక్షిణాన బోరు దించి తీసిన రాతి ముక్కలు రైల్లో మేడ్చల్‌కు వచ్చి, నేరుగా ఈ వసారాకు చేరేవి. ఆఫీసులో ఆ పని సత్యానందానిది. ఇంట్లో సుందరమ్మది. కోట్ల ఏళ్ల కింద సముద్రం ఎండి, ఒకదాని మీద ఒకటి పేరుకున్న పొరలు. ఏది ఎక్కడ ముగుస్తుందో చూసి, వేరుచేసి, పేరు పెట్టాలి. నారలు నారలుగా ఉన్నది దువ్వెన పొర. మెత్తగా తెల్లగా ఉన్నది దూది పొర. పేర్లన్నీ ఆమెవే.

"గా సున్నం గోళ్లతోని రొట్టె కొడ్తవా? మమ్ముల సంపుతవా ఏంది?" వంటింట్లోంచి అత్త ఏసమ్మ.

మొగుడు గీకమంటాడు, అత్త కడగమంటుంది. వాళ్లిద్దరి మధ్య అరిగేవి సుందరమ్మ గోళ్లే.

అట్టడుగు ముక్క అద్దంలా ఉంది. పిల్ల ముఖానికి అడ్డం పెడితే అవతల కళ్లు కనబడ్డాయి. "వెన్నెల," అంది, తనకు తెలియకుండానే. కుర్చీలో సత్యానందం తలెత్తి ఆ ముక్కను చూశాడు. కడుపులో బిడ్డ మొదటిసారి కదిలిన రోజు అనుకున్న పేరది. అప్పుడే ఏసమ్మ కొట్టిపారేసింది: "గదేం పేరు? నా పేరు లేదా?" సత్యానందం నవ్వాడు. "అమ్మ పేరే పెడదం. నీకెందుకే గీ పంచాయితి?"

శుక్రవారం అతడు నగరం నుంచి ఎగురుకుంటూ వచ్చాడు.

"సాహెబు మస్తు ఖుష్ అయిండు! అడుగు దానికి వెన్నెల పొర అని పేరు పెట్టిన అని చెప్పిన. భుజం తట్టిండు. పుస్తకంల అచ్చేస్తరట!"

"అది నా బిడ్డకు దాసుకున్న పేరు."

"దాసుకునేటందుకు అదేమన్న నగనా? మా ఆఫీసుల ఒక కాయిదా ఉంది సుందరా. తొలుత గుర్తువట్టినోళ్లదే పేరు వెట్టే హక్కు."

"తొలుత గుర్తువట్టిందెవరు?"

"రొట్టె మాడుతాంది, సూసుకో."

రొట్టె మాడింది. మాడనిచ్చింది. గోళ్లు తీసుకున్నారు, నిద్ర తీసుకున్నారు, ఇప్పుడు నోట్లో మాట కూడా తీసుకుపోయి రాయికి అతికించారు. తిరిగి అడిగితే రొట్టె చూసుకోవాలట!

ఆదివారం చర్చిలో బాప్తిస్మం. అయ్యగారు బిడ్డను ఎత్తుకుని, వేళ్లు నీళ్లలో ముంచారు.

"బిడ్డ పేరు చెప్పండి."

చెప్పాల్సింది తండ్రి. సత్యానందం గొంతు సవరించుకున్నాడు.

"వెన్నెల," అంది సుందరమ్మ.

ఏసమ్మ ఉలిక్కిపడింది. "అది రాయి పేరే!"

"నోరు ముయ్యి. అందరు సూస్తున్నరు," సుందరమ్మ వైపు తిరిగి పళ్లు కొరికాడు సత్యానందం.

"సూడనియ్యిండ్రి. కాయిదా మీదే." ఆమె గొంతు వెనక బల్లలదాకా వినబడింది. "రాయిని తొలుత గుర్తువట్టింది నేను. కడుపుల బిడ్డను తొలుత గుర్తువట్టింది నేను. సాహెబుకు చెప్పి మీ రాయికి వేరే పేరు సూసుకోండ్రి."

అయ్యగారి వేళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"కానియ్యండి అయ్యగారూ," అంది సుందరమ్మ.