కుట్టుకు వదిలిన గుడ్డ

టప్.

కిటికీ పక్కన పెట్టిన గిన్నెలో ఒక చినుకు.

టప్... మళ్లీ ఇంకొకటి.

వాన పడినప్పుడల్లా రిటైరైన టీచరుకు ఒకటే అనుమానం. ముప్పై ఏళ్ల నాటిది. ఆ జవాబు తప్పేనా? పిల్లలకు తాను చదవడం నేర్పిందా... గీతలు గీయడం నేర్పిందా?

పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని అదే అడుగుతుంది. దేవుడు వింటాడు. వినడమే. జవాబుల కాగితం ముందే చేతికిచ్చే అలవాటు ఆయనకు లేదు.

ఆమెకు ఉండేది.

పాఠం చదవడం అయిందో లేదో పిల్లల చేత పెన్సిళ్లు తీయించేది. "ఒకటో ప్రశ్నకి జవాబు... ఇక్కణ్ణించి — ఇక్కడిదాకా. బ్రాకెట్ పెట్టుకోండి." నలభై పెన్సిళ్లు ఒక్కసారిగా గీసుకున్న చప్పుడు. గీత లోపలిది జవాబు. గీత బయటిది గాలి, వాన, ఎవరికీ అక్కర్లేనిది.

మూడో బెంచీ పిల్ల మాత్రం గీత బయటికే చూసేది. చెయ్యి ఎప్పుడూ పైనే. ఆ చేతికి కింద ఉండటం తెలియదు.

ఆ ఏడు పరీక్షలో వాన పద్యం మీద ప్రశ్న. కవి వానను చుట్టమని ఎందుకన్నాడు? నాలుగు మార్కులు.

ఆ పిల్ల రాసింది — 'కవి గారి ఇంటి కప్పు గట్టిదై ఉంటుంది. మా ఇంటికి ఈ చుట్టం వస్తే గిన్నెలు చాలవు. అమ్మ పడుకోదు. అయినా పొద్దున్నే ఆకాశం కడిగినట్టుంటే, మళ్లీ రమ్మనే అనిపిస్తుంది.'

ఎర్ర సిరా. సున్నా. పక్కన రెండు మాటలు — పాఠంలో లేదు.

ఆ తర్వాత ఆ చెయ్యి లేవలేదు. ఏడాదంతా... లేవలేదు.

పాత పేపర్లు తూకానికి వేస్తుంటే అదొక్కటి ఆమె వేళ్లను వదల్లేదు. తెచ్చి ప్రార్థనల పుస్తకంలో పెట్టింది. దేవుడే చూసుకుంటాడులే అని. దేవుడు రోజూ ఆ పేజీయే తెరిచేవాడు.

ఆ పిల్ల ఇప్పుడు దర్జీ. రెండు వీధుల అవతలే కొట్టు. టీచరు ఎప్పుడూ ఎదురు వైపు నుంచే నడుస్తుంది.

ఇవాళ మనవరాలి పాఠం. చెయ్యి ఊరుకోలేదు. పెన్సిలు తీసి — ఇక్కణ్ణించి, ఇక్కడిదాకా.

"మరి మిగతాదంతా ఎందుకు రాసినట్టు, నానమ్మా?"

టప్.

పెన్సిలు పక్కన పెట్టింది. మనవరాలికి బిగుతైపోయిన స్కూలు గౌను, ఆ పాత కాగితం, గొడుగు... తీసుకుని బయల్దేరింది.

వీధి దాటింది.

"దారి తప్పారా టీచర్? మీరు ఆ పక్క మనిషి కదా!" మిషను ఆపకుండానే అంది దర్జీ.

గౌను అందుకుని తిరగేసింది. లోపలి కుట్టును వేలితో తడిమింది. "ఎవరు కుట్టారో గానీ చల్లగా ఉండాలి. గుడ్డ వదిలారు. గీత మీదే కత్తిరించి పారేస్తే, పిల్ల పెరిగాక ఏం చేస్తాం చెప్పండి?"

టీచరు కాగితం బల్ల మీద పరిచింది. సుద్దముక్కల పక్కన.

మిషను ఆగింది.

దర్జీ చదివింది. పెదవులు కదిలాయి. నవ్వబోయి... ఆగిపోయింది.

"అమ్మ ఉండి ఉంటే చూపించేదాన్ని."

"తప్పు నాదమ్మా. నీ చెయ్యి దించింది నేనే. ఆ తర్వాత... ఏమైనా చదివావా?" ముప్పై ఏళ్లుగా అడగడానికి భయపడింది ఇదే.

"లేదు టీచర్. పుస్తకమంటేనే జంకు పట్టుకుంది." గౌను మడిచి పక్కన పెట్టింది. "ఇప్పుడు మా అమ్మాయి చదువుతుంటే వింటాను. మధ్యలో ఆపి ఆపి అడుగుతాను. నన్ను చదవనిస్తావా లేదా అని తిడుతుంది."

టీచరు ఎర్ర పెన్ను తీసింది. సున్నా కొట్టేసింది. నాలుగు వేయబోయింది —

"ఆగండాగండి! భాషలో నాలుక్కి నాలుగా? అదీ మీరా? వింటే నవ్విపోతారు. మూడున్నర వెయ్యండి."

"మరి ఆ అర?"

"కుట్టుకి వదిలెయ్యండి."

మూడున్నర. కింద సంతకం. 'పాఠంలో లేదు' అన్న మాటలను కొట్టేయలేదు. పక్కన ఒక్క మాట చేర్చింది — 'అందుకే.'

దర్జీ ఆ మాటను చాలాసేపు చూసింది. తర్వాత — టేపు మెడలో వేలాడుతుండగా, వేళ్లకు సుద్ద అంటి ఉండగా — మెల్లగా చెయ్యెత్తింది.

"ఒక్క డౌటు టీచర్. ఇంతకీ కవి గారి ఇల్లు కారేదా, కారేది కాదా?"

"తెలీదమ్మా..."

చెయ్యి ఇంకా పైనే ఉంది.

రేకు అంచు నుంచి గుమ్మంలోని డబ్బాలోకి ఒక చినుకు.

టప్.